మన కొండ బాట మీద సైకిల్: ఎవరిని అడిగి?



చలికాలంలో విశాఖ నుంచి అనంతగిరి, అరకు, పాడేరు ఘాట్లకు సైకిళ్ల మీద వచ్చేవాళ్లను మీరూ చూసే ఉంటారు. లావు టైర్లు, తలకు హెల్మెట్, వీపున నీళ్ల సంచి. వాళ్లలో కొందరు గేర్లు కూడా వద్దనుకుని ‘సింగిల్ స్పీడ్’ తొక్కుతారు. ముందు చక్రానికి 32 పళ్లు, వెనక 16 పళ్లు అనుకోండి, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు రెండు చుట్లు తిరుగుతుంది. ఎత్తు ఎక్కినా అంతే, పల్లం దిగినా అంతే. ఎక్కలేకపోతే దిగి తోసుకుంటూ పోవాలి. బురదకు పాడయ్యే గేర్ సామాను ఉండదు, రిపేర్ తక్కువ. వాళ్లకది సరదా. మనూళ్లలో సంతకో, బడికో పోయే సైకిల్ ఎప్పుడూ అదే కదా!

ఈ సరదా మీద నాకు కోపం లేదు. జీపుల్లో డీజే పెట్టుకుని వచ్చేవాళ్ల కంటే చప్పుడు లేకుండా, చెమటోడ్చి కొండెక్కేవాళ్లు నయం. ఘాట్ రోడ్డు అందరిదీ. నేనడిగేది ఊరి వెనక బాట గురించి. పోడుకి పోయే బాట, గెడ్డకి నీళ్లకి పోయే బాట, శంకుదేవుడి రాయి దగ్గరకి పోయే బాట. ఆ బాటను ఫోన్‌లో రికార్డు చేసి, దానికో ఇంగ్లీషు పేరు పెట్టి, ‘మేం కనిపెట్టిన కొత్త ట్రెయిల్’ అని మ్యాప్‌లో పెడితే, అది వేసిన కాళ్లు ఎవరివి? దాని పేరు ఎవరు మార్చారు?

ఇది ఇక్కడ మొదలైన కథ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరం పక్కన మారిన్ కౌంటీ ఉంది. సముద్రం ఆనుకునే కొండలు, అచ్చం మన తూర్పు కనుమల లాగే. 1976 అక్టోబర్‌లో అక్కడి ఫెయిర్‌ఫాక్స్ ఊరి పైన కొండదారిలో కుర్రాళ్లు సైకిల్ పందేలు మొదలుపెట్టారు. తెచ్చినవి 1930లు, 40ల నాటి పాత సైకిళ్లు. చాలావాటికి గేర్లు లేవు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి దిగేసరికి బ్రేకు కాలి, హబ్‌లో గ్రీజు ఆవిరయ్యేది. మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటివాళ్ల పేర్లు అక్కడి నుంచే ప్రపంచానికి తెలిశాయి. మౌంటెన్ బైక్ అనే పెద్ద వ్యాపారం అక్కడే పుట్టింది.

పక్కనే ఉన్న పెద్ద కొండ పేరు తమల్పయిస్. ఆ పేరు అక్కడి ఆదివాసులు కోస్ట్ మివోక్‌ల భాషలోంచి వచ్చింది. కుర్రాళ్లు పందేలు వేస్తున్న 1976లో ఆ జనాన్ని అమెరికా ప్రభుత్వం తెగగా గుర్తించడమే లేదు. 1958 నాటి ఒక చట్టం కింద వాళ్ల గుర్తింపును రద్దు చేసింది. పోరాడి, పోరాడి 2000 డిసెంబర్‌లో తిరిగి సాధించుకున్నారు. కొండకు వాళ్ల పేరు ఉంది, కొండ మీద వాళ్ల మాట లేదు. సైకిల్ తొక్కినవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. అడగాల్సినవాళ్లు ఉన్నారన్న సంగతే అక్కడ ఎవరికీ తట్టలేదు. అదే అసలు దెబ్బ.

మన దగ్గర అలా జరగనివ్వకూడదు. ఎందుకంటే మన చేతిలో చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలను నియంత్రించే నిర్ణయాలు, అడవికీ జంతువులకూ చేటు చేసే పనులను ఆపే నిర్ణయాలు అమలయ్యేలా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చారు. 1996 పీసా చట్టం మన ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని చెప్పింది. సైకిల్ వెనకే టెంట్లు, టెంట్ల వెనకే రిసార్టులు వస్తాయి. అప్పుడు 1/70 గుర్తు తెచ్చుకోండి. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. బొర్రా, అనంతగిరి గనుల లీజుల మీద పోరాడితేనే 1997లో సమతా తీర్పు వచ్చింది. అదే కొండల్లో ఇప్పుడు బినామీ పేరుతో ‘క్యాంప్‌సైట్’ లేస్తే చూస్తూ ఊరుకుంటామా?

కాబట్టి యువతకు నా మాట ఇది. గ్రామసభలో ఈ విషయం పెట్టండి. ఏ బాట తెరవాలి, ఏది మూయాలి అని తీర్మానం రాయించండి. దేవతల చోట్లు, ఊట గెడ్డలు మ్యాప్‌లోకి ఎక్కకూడదు. వానాకాలం బాటలు మూసేయండి. తడి మట్టిలో టైరు గీత పడితే నీళ్లు దాని వెంటే పారి, బాట కాస్తా కాలువవుతుంది. దారి చూపించే పని, భోజనం పెట్టే పని ఊరివాళ్లదే కావాలి, రేటు ఊరే కట్టాలి. బాటకు మన భాషలో ఉన్న పేరే బోర్డు మీద రాయాలి. అంతకంటే ముఖ్యం, మన పిల్లలూ తొక్కాలి. ఈ కొండల్లో గేర్ లేని సైకిల్ తొక్కి పెరిగిన పిల్లను మించిన రైడర్ ఎవరు?

మద్దతుగా నిలిచే పట్నం మిత్రులకు ఇంకో మాట. మీరు సరదాగా ఎక్కే ఈ కొండల్లోనే రోడ్డు లేక గర్భిణులను ఇంకా డోలీలో మోస్తున్నారు. అదే అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద, గ్రామసభ సిఫారసుతో, హెక్టారు లోపు అటవీ భూమిలో రోడ్డు వేయొచ్చు. కొండెక్కిన ఫొటో పెట్టేటప్పుడు ఆ ఊరికి రోడ్డు ఎందుకు రాలేదో కూడా అడగండి. రండి, తొక్కండి. ముందు ఊరిని అడిగి రండి.

జల్, జంగల్, జమీన్ మనవి. బాట కూడా మనదే.