సింపోజియం సరే, వాన సంగతేంటి?

సెప్టెంబరు వస్తే చాలు, మన కాలేజీల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. 15న ఇంజనీర్స్ డే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆ చుట్టుపక్కలే సింపోజియంలు, పేపర్ ప్రజెంటేషన్లు. వానలు దంచికొట్టేదీ ఆ రోజుల్లోనే.

2024 గుర్తుందా? ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకి మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడ హైవే మీదా వరదే. అలాంటి రోజున అక్కణ్నుంచి మన అమీన్‌పూర్‌కి పేపర్ చదవడానికి బయల్దేరిన స్టూడెంట్ గతేంటి? మన రూల్స్ షీట్లో వాళ్ల కోసం ఉండేది ఒక్కటే మాట: ఫీజు వాపసు ఇవ్వబడదు.

చీఫ్ గెస్ట్ డేట్ మళ్లీ దొరకదనీ, స్పాన్సర్లు ఒప్పుకోరనీ అంటారు. నిజమే, కష్టమే. కానీ కమిటీలో పనిచేసినదాన్నిగా చెప్తున్నా, హాలునీ భోజనాలనీ సర్దుకోవచ్చు. దారిలో ఇరుక్కున్న మనిషి మాత్రం ఏం సర్దుకుంటారు?

అందుకే మూడు పనులు చేద్దాం. జరుగుతుందో లేదో వాళ్లు రైలెక్కకముందే చెప్పేద్దాం. రాలేనివాళ్లకి ఆన్‌లైన్ స్లాట్ ఇద్దాం, కుదరకపోతే ఫీజు వెనక్కిద్దాం. వచ్చి ఇక్కడే చిక్కుకున్నవాళ్లకి హాస్టల్లో చోటు చూద్దాం. ఇవన్నీ పోస్టర్ మీదే రాద్దాం.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేశాక, మళ్లీ అలా జరక్కుండా ప్లాన్ వేయడానికి నిజాం ప్రభుత్వం పిలిపించుకున్న ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ప్లాన్ ఫలితమే. ఆయన పేరుతో పండగ చేసుకుంటూ, వానకి మన దగ్గర ప్లాన్ లేదంటే ఎలా?