సూచన కోసం ఎన్నాళ్లు ఆగాలి?

హైదరాబాద్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరాలా, డీఎస్సీకి ఇంకో ఏడాది చదవాలా? ఎర్రుపాలెంలో మా సంఘం యువత ప్రార్థనకు తెచ్చే ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. జవాబు కోసం కొందరు వాట్సాప్‌లో వచ్చే ‘ఈరోజు వాగ్దానం’ చూస్తారు.

నేను వాళ్లకు మన రైలు లైన్లోనే, ఖమ్మం దాటాక వచ్చే డోర్నకల్ సంగతి చెబుతాను. వి.ఎస్. అజరయ్యది తిరునెల్వేలి ప్రాంతం, భాష తమిళం. వైఎంసీఏలో మంచి బాధ్యత. 1903లో అక్కడివాళ్లతో కలిసి మిషనరీ సంఘం పెట్టి, సేవకు రమ్మని యువకులను పిలిచారు. ‘మరి నువ్వు వెళ్లవా?’ అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1909లో ఆ బాధ్యత వదిలి డోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బయల్దేరిన రోజు ఆ సంగతి ఆయనకు తెలీదు.

అందుకే మూడు చూడమంటాను: కళ్లెదుట ఉన్న అవసరం, మిమ్మల్ని ఎరిగిన పెద్దల మాట, ప్రార్థించేకొద్దీ తగ్గని భారం. మూడూ ఒకవైపే చూపిస్తే అడుగు వేయండి. మిగతా దారి ఇప్పుడే కనబడకపోయినా ఫర్వాలేదు. చేరాల్సిన తేదీ దగ్గరపడితే ఈ వారమే అమ్మానాన్నలతో, పాస్టరుగారితో కూర్చోండి. ఏదీ తేల్చకుండా తేదీ దాటించి, ‘దేవుని చిత్తం’ అనేయొద్దు.