బాక్సైట్ కొండ మనది, ఎలక్ట్రాలసిస్ పాఠం మనది కాదా?



పదో తరగతి అవ్వగానే మన పిల్లలకు వినపడే సలహా ఒకటే: "ఎంపీసీ, బైపీసీ మీవల్ల కాదురా, హెచ్‌ఈసీలో చేరిపో." బయటివాళ్లు అంటే సరే అనుకోవచ్చు. మనలో చదువుకున్నవాళ్లూ ఇదే అంటున్నారు, మా కోపమంతా అక్కడే. ఆర్ట్స్ తక్కువ అనడం లేదు, ఇష్టంతో తీసుకుంటే మంచిదే. సైన్స్ రాదని భయపెట్టి అటు తోలడం తప్పంటున్నాం.

అసలు ఎందుకు రావట్లేదు? ఎలక్ట్రాలసిస్ పాఠమే చూడండి. మాలో చాలామందిమి దాన్ని బట్టీ కొట్టాం. ఆనోడ్ ధన, కాథోడ్ రుణ, క్రయొలైట్ కలిపితే ద్రవీభవన స్థానం తగ్గును. మార్కులొచ్చాయి, అర్థం మాత్రం కాలేదు. మేం చదివిన ఒక బడిలో ల్యాబ్ గది నిండా బియ్యం బస్తాలే. మరి మొద్దు ఎవరు, పిల్లలా, ఆ బడి నడిపినవాళ్లా?

ఆ పాఠంలో ఉన్నది మన మట్టే. గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల్లో ఉన్న బాక్సైట్ నుంచి అల్యూమినా తీస్తారు. మిగిలేది ఎర్ర బురద. అల్యూమినాని అల్యూమినియంగా మార్చేది ఎలక్ట్రాలసిసే. నీళ్లలో అల్యూమినా కరగదు. పోనీ కరిగే అల్యూమినియం లవణం తీసుకున్నా, కాథోడ్ దగ్గర లోహం బదులు హైడ్రోజన్ వస్తుంది. అందుకే కరిగించాలి. కానీ అల్యూమినా కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. కరిగిన క్రయొలైట్‌లో కలిపితే సుమారు 950 డిగ్రీల దగ్గరే పని అవుతుంది. కరెంటు పంపితే ఒక్కో అల్యూమినియం అయాన్ కాథోడ్ దగ్గర మూడు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహమై అడుక్కి చేరుతుంది. ఆక్సిజన్ కార్బన్ ఆనోడ్‌ని తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది.

ఆ మూడు ఎలక్ట్రాన్ల లెక్కలోనే అసలు కథంతా ఉంది. ఒక టన్ను అల్యూమినియంకి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్, దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి అది పదకొండేళ్లకు పైగా సరిపోతుంది.

"ఇదంతా తెలిస్తే ఏమొస్తుంది?" అంటారు కొందరు. 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2015లో జెర్రెల బాక్సైట్ కోసం జీవో వచ్చింది, పోరాడితే 2019లో రద్దయింది. రేపు మళ్లీ ఎవరైనా గ్రామసభలో ఫైలు పెడితే కరెంటు ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి, ఎర్ర బురద ఎక్కడ పోస్తారు అని అడిగే పిల్ల మన ఊళ్లో ఉండాలా వద్దా? నినాదం మనకుంది. దాని పక్కన లెక్క కూడా ఉండాలి.

ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరి, ఆ పుస్తకాలే చదివి, 1834 నాటికి ఎలక్ట్రాలసిస్ నియమాలు చెప్పాడు. ఆయన్ని ఎవరూ హెచ్‌ఈసీకి తోలలేదు.

డిగ్రీ చదివే మనందరికీ ఒక పని. సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టి ఇది చేసి చూపించండి. పురుగుమందుల షాపులో మైలుతుత్తం దొరుకుతుంది. గాజు సీసాలో నీళ్లు పోసి కొంచెం కలపండి. రెండు రాగి తీగల్ని తళతళలాడేలా గీకి, సీసాలో ఒకదానికొకటి తగలకుండా ముంచి, రెండు టార్చి సెల్స్‌కి కలపండి. కొంతసేపటికి మైనస్‌కి కలిపిన తీగకి కొత్త రాగి పడుతుంది, ప్లస్ తీగ కరుగుతూ ఉంటుంది. తుత్తం విషం, నోట్లోకి పోకూడదు. చేతులు కడుక్కోండి, వంట గిన్నెలు వాడొద్దు. ఇంటి కరెంటు అస్సలు ముట్టొద్దు.

ఐటీడీఏని కూడా అడుగుదాం: ప్రతి ఆశ్రమ పాఠశాలలో ల్యాబ్ తెరవాలి, సైన్స్ టీచర్ ఉండాలి. బియ్యం బస్తాలకి వేరే గది చూసుకోండి.

జోహార్. జై ఆదివాసీ.