తూకం సరే, కండ మాటేమిటి?

2025లో మౌంజారో, వెగోవీ మన దేశానికొచ్చాక "ఎన్ని కిలోలు తగ్గావ్?" అన్నదే పలకరింపైపోయింది. మందును నేను తప్పుపట్టను. కానీ తగ్గే బరువులో పావువంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాదు, కండ వగైరా అని పరిశోధనల్లో తేలింది.

అసలే అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలు! ఆకలి కూడా చచ్చిపోతే రెండు ముద్దల చారన్నంతో సరిపెట్టేస్తుంది. నా భయమంతా అదే. ఆ రెండు ముద్దలకంటే ముందే గుడ్డో, ముద్దపప్పో, పెరుగో, చేపముక్కో తినండమ్మా. గుడ్డులో మాంసకృత్తులు 6 గ్రాములే. బరువు తగ్గేటప్పుడు 70 కిలోల మనిషికి రోజుకు 80 గ్రాముల దాకా కావాలి. మూత్రపిండాల జబ్బుంటే మాత్రం ఈ లెక్క డాక్టర్నే అడగాలి.

నడకొక్కటే చాలదు. వారానికి రెండుసార్లయినా బరువులెత్తాలి. నవ్వకండి, బిందెలు మోసిన చేతులకు డంబెల్ ఓ లెక్కా? అదీ కుదరకపోతే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి.