ఇంట్లో కూర్చుని పారామెడిక్ అవ్వొచ్చా?

గుంటూరు నుంచి మా అన్నయ్య కొడుకు మొన్న ఫోన్ చేశాడు. ‘పారామెడికల్ డిప్లొమా ఇంటి దగ్గరే చదవొచ్చట, ఫీజు పంపిస్తావా బాబాయ్?’ అని. నాకు సింగపూర్‌లో చేసిన సీపీఆర్ కోర్సు గుర్తొచ్చింది. థియరీ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది కానీ, బొమ్మ ఛాతీని చేతులతో నొక్కి చూపించాకే సర్టిఫికెట్ ఇచ్చారు. కొన్ని గంటల కోర్సుకే అంత పట్టింపు!

మనవైపు ‘పారామెడికల్’ అంటే ల్యాబ్ టెక్నీషియన్ నుంచి 108లో వచ్చే ఈఎంటీ దాకా అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. మావాడికి కావాల్సింది 108 ఉద్యోగం. 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందకొచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ 2025లో విద్యాసంస్థలకు చెప్పింది. ఎమర్జెన్సీ పారామెడిక్ పని ఆ చట్టంలో ఉన్నదే.

ప్రకటనలో ‘హైబ్రిడ్’ అని రాసినంత మాత్రాన సరిపోదు. ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో, అంబులెన్సులో ఎన్ని గంటలు, పాసయ్యాక రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ దొరుకుతుందా? ఇవి ఫోన్లో కాదు, కాగితం మీద అడగమన్నాను. వారమైంది, ఆ సంస్థ నుంచి జవాబు లేదు. ఫీజు డబ్బులు ఇంకా నా ఖాతాలోనే ఉన్నాయి.