ఎకో బటన్ నొక్కితే ఇగురం వస్తదా?

ఈ మధ్య మా చుట్టాల ఇండ్లల్లో ఏ ఇద్దరు మగవాళ్ళు కలిసినా ఒకటే ముచ్చట. "మీ బండిల మోడ్‌లు ఉన్నాయా? ఎకోల పెట్టి నడుపుండ్రి, పెట్రోలు మస్తు మిగుల్తది." మా మరిదైతే కారెక్కంగానే పూజ గదిలో దీపం వెలిగించినంత భక్తిగా ఆ బటన్ నొక్కుతాడు. నొక్కి, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కినాక నూటపదికి తగ్గడు. అడిగితే "ఎకోలనే ఉంది కద వదినా" అంటాడు.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ బటన్ సంగతి మనం తెలుసుకోవాలి. పెట్రోలుకు పోయిన పైసలు చివరికి మన కూరగాయల పైసల్లోంచే తగ్గుతాయి కాబట్టి.

ఇప్పటి కార్లలో ఆక్సిలరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఒక చిన్న కంప్యూటర్ ఉంటది. మనం కాలు ఎంత నొక్కినమో అది చూసి, ఇంజిన్‌కు ఎంత ఇవ్వాలో అది చెప్తది. ఎకోలో పెడితే నొక్కుడుకు కొంచెం బద్ధకంగా పలుకుతది. ఆటోమేటిక్ బండి అయితే గేరు తొందరగా పైకి మారుస్తది. కొన్ని బండ్లలో ఏసీని కూడా తగ్గిస్తది. స్పోర్ట్‌లో పెడితే ఇదంతా తిరగబడతది. టాటా నెక్సాన్‌లో వీటికి ఎకో, సిటీ, స్పోర్ట్ అని పేర్లు పెట్టిండ్రు. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లో జిప్, జాప్, జూమ్ అట. పేర్లు ఏవైనా పని ఇంతే. అంటే ఎకో మోడ్ అనేది దుడుకు కాలుకు వేసిన చిన్న కళ్ళెం. నల్లగొండలో గడియారం సెంటర్ నుంచి బస్టాండు దాకా ఆగుకుంట, కదులుకుంట పోయేటప్పుడు ఆ కళ్ళెం పనికొస్తది. కాదనను.

కానీ హైవే మీద నూటపదిలో నిలకడగా పోతుంటే ఆ బటన్ చేసేది దాదాపు ఏమీ లేదు. ఆ వేగంలో బండి కొట్లాడేది గాలితో. వేగం పెరిగితే గాలి అడ్డు అంతకంతా కాదు, దాని వర్గంలో పెరుగుతది. 80లో ఉన్న అడ్డు 110కి వచ్చేసరికి ఇంచుమించు రెండింతలైతది. ఆ అడ్డును చీల్చడానికి ఎంత బలం కావాలో అంత బలం కావాల్సిందే, బటన్ ఎక్కడున్నా. గాలికి మన డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఆకుపచ్చ ఆకు బొమ్మ కనిపించదు.

"ఆలస్యమైతది కద" అంటారు. లెక్క చూద్దాం. 60 కిలోమీటర్లు నూరులో పోతే 36 నిమిషాలు, 80లో పోతే 45 నిమిషాలు. తేడా 9 నిమిషాలు. పంతంగి టోల్ దాటంగానే హోటల్ దగ్గర ఆపి చాయ్ తాగుకుంట, ఫోన్ చూసుకుంట అరగంట కూర్చున్నప్పుడు ఈ 9 నిమిషాలు ఎవరికీ గుర్తురావు. సంక్రాంతి ముందు అదే టోల్ దగ్గర వరుసలో ఇంజిన్, ఏసీ నడుస్తుండగా నిలబడ్డ సేపు మైలేజీ సున్నా. ఎకోలో ఉన్నా సున్నాయే.

నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడ కాదు. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, 1978లో పెట్టింది. అది ఆడవాళ్ళకూ చెప్పింది, బండి నడిపేవాళ్ళకూ చెప్పింది. మనకేం చెప్పింది? కుక్కర్ వాడండి, గిన్నె మీద మూత పెట్టండి, మరిగినాక మంట తగ్గించండి, పప్పు ముందే నానబెట్టండి. వాళ్ళకేం చెప్పింది? 45, 55 మధ్య నడపండి, టైర్లలో గాలి చూసుకోండి, ఆగినప్పుడు ఇంజిన్ ఆపండి, ఊరికే బ్రేకు మీద కాలు పెట్టకండి. ఎవరు విన్నరు? మనం విన్నం. సిమ్‌లో పెట్టి వండినం, ఒక్క గ్యాసు బండను రెండు నెలలు లాక్కొచ్చినం. మన వంటింటికి ఎకో బటన్ ఎవరూ పెట్టలేదు, పెట్టినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. వాళ్ళకు మాత్రం పొదుపు ఒక బటన్ రూపంలో కావాలి. నొక్కంగానే పుణ్యం రావాలి, కాలు మాత్రం మారొద్దు.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం దుడుకుగా నడిపితే హైవే మీద మైలేజీ 15 నుంచి 30 శాతం, ఆగుకుంట పోయే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం పడిపోతది. లీటరుకు 18 ఇచ్చే బండి 14కు పడిందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే దగ్గర దగ్గర 16 లీటర్లు ఎక్కువ. లీటరు 107 చొప్పున 1,700 రూపాయలు. ఇంచుమించు రెండు గ్యాసు బండల పైసలు! మనం చిక్కుడుకాయల కాడ పది రూపాయలకు బేరమాడితే "పిసినారి" అంటారు.

బ్రోషర్‌లో అచ్చేసిన మైలేజీని కూడా నమ్మకండి. అది ల్యాబ్‌లో రోలర్ల మీద తీసిన లెక్క. ఆ పరీక్షలో వేగం గంటకు 90 దాటదు. నల్లగొండ మే నెల ఎండ అందులో ఉండదు.

ఇంకో మాట. "ఆడోళ్ళ డ్రైవింగ్" అని నవ్వుతారు కదా, దేనికి నవ్వుతారు? మెల్లగా ఎత్తుతారని, ముందు బండికి దూరం ఉంచుతారని, సిగ్నల్ ఎర్రగా కనిపించంగానే కాలు తీసేస్తారని. ఆడవాళ్ళందరూ అట్లనే నడుపుతారని నేను అనడం లేదు, హారన్ మీద నుంచి చెయ్యి తీయని అక్కలూ ఉన్నారు. కానీ వాళ్ళు నవ్వేదేదో, పెట్రోలు మిగిల్చేది అచ్చంగా అదే. కారు కంపెనీ దాన్నే బటన్‌లో పెట్టి అమ్మితే టెక్నాలజీ, మనం చేస్తే "చాతకాదు".

ఎకో ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. దేవరకొండ దాటి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురం కూర్చుని డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు, ఎకోలో బండి లాగదు. లాగక ఇంకా నొక్కుతారు, మిగిలేదేముంది? ఎదురు బండ్లు వచ్చే రోడ్డు మీద లారీని దాటేటప్పుడు అంతకంటే కష్టం. నార్మల్‌లో పెట్టండి అని పక్క సీట్లోంచి గట్టిగానే చెప్పండి. రెండు వందల పెట్రోలు కోసం పానం మీదికి తెచ్చుకునేది లేదు.

మా ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకంలోనే ఈ జనవరి నుంచి పెట్రోలు లెక్క కూడా రాస్తున్నాను. తారీఖు, ఎన్ని లీటర్లు, మీటర్ ఎంత, ఎవరు నడిపిండ్రు. మొదటి మూడు గడులకు ఎవరికీ అభ్యంతరం లేదు. నాలుగో గడి మీదనే మా ఆయనకూ మా మరిదికీ కోపం. "అది ఎందుకు, కొట్టెయ్" అంటున్నారు. కొట్టెయ్యలేదు.