మాల తీశాక మాటేమిటి?

కార్తీకం వచ్చిందంటే మన పల్లెల్లో ఒక వింత చూస్తాం. పొద్దుగూకితే సీసా లేనిదే ఉండలేని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి భజన. ఆ నెలన్నర ఇంటికి కూలి డబ్బులు వస్తాయి. పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు. శబరిమల వెళ్లి వచ్చి మాల తీస్తాడు. వారం తిరక్కుండానే మళ్లీ పాత దారి. "వీడి బుద్ధి మారదు" అని ఊరు నవ్వుతుంది.

నవ్వేముందు ఒక్క మాట ఆలోచించాలి. ఆ నలభై ఒక్క రోజులు అతణ్ణి నిలబెట్టింది భక్తి ఒక్కటేనా? తోడుగా నలుగురు స్వాములున్నారు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్లే "స్వామీ" అని పిలిచారు. పెళ్లిలో ఎవరూ గ్లాసు చేతికివ్వలేదు. మాల తీసిన రోజునే ఆ తోడూ పోయింది, ఆ మర్యాదా పోయింది. మిగిలింది పాత స్నేహితులు, పాత దుకాణం.

తాగుడు మానదలచినవారికి అలాంటి తోడును ఏడాది పొడవునా ఇవ్వడానికే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సమావేశాలు ఉన్నాయి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుడు బాధితులు కలుసుకున్నారు. ఒకరు షేర్ మార్కెట్లో పనిచేసిన బిల్ విల్సన్. రెండోవారు డాక్టర్ బాబ్ స్మిత్. ఒకరి కష్టం ఒకరితో చెప్పుకుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించారు. అదే ఈ సంఘానికి పునాది. మన దేశంలో 1957లో మొదలైంది.

ఆ సమావేశంలో ఏం జరుగుతుంది? గంట, గంటన్నర కూర్చుంటారు. ఒకరు తన పేరు చెప్పి, "నేను తాగుడుకు బానిసను" అంటారు. ఎవరూ నవ్వరు. మధ్యలో అడ్డురారు. తానేం పోగొట్టుకున్నదీ, ఇవాళ ఎలా నిలబడుతున్నదీ చెబుతారు. తర్వాత ఇంకొకరు. కులం అడగరు, మతం అడగరు, ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. జన్మలో తాగనని ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం, రేపటి సంగతి రేపు చూద్దాం అంటారు. జారిపడినవాడు తిరిగి వస్తే తరిమేయరు, కుర్చీ చూపిస్తారు. కొన్ని సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. తాగేవారి ఇంటివాళ్ల కోసం ఆల్-ఎనాన్ అని వేరే సంఘం ఉంది. ఒక్కటే గట్టి నియమం. అక్కడ ఎవరిని చూసినా, ఏం విన్నా బయట చెప్పకూడదు. అందుకే ఎవరి కథా ఇక్కడ రాయడం లేదు.

కానీ ఈ సమావేశాలు ఎక్కువగా పట్టణాల్లోనే జరుగుతాయి. పల్లె మనిషి వెళ్లాలంటే బస్సు చార్జీ కావాలి, సగం రోజు కూలి వదులుకోవాలి. ఎయిమ్స్ వైద్యులు జరిపిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సాయమో అందిందని అందులో తేలింది. మిగతా 37 మంది మన వీధుల్లోనే ఉన్నారు.

దుకాణాలు మూయిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. మన ఆడపడుచులు ఆ పనీ చేసి చూపారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఉద్యమం 1993లో సారాను నిషేధింపజేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టాలు వస్తాయి, పోతాయి. దుకాణం మూయించడం ఒక ఎత్తు. అలవాటుపడిన మనిషిని నిలబెట్టడం మరో ఎత్తు. రెండూ కావాలి.

ఒక హెచ్చరిక. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం జరగవచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. అది దయ్యమూ కాదు, నటనా కాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ముందు డాక్టరు, ఆ తర్వాత సమావేశం. మాన్పించాలని తెలియకుండా కూరలో మాత్రలు కలపడం మరీ ప్రమాదం. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక ఊరు చేయవలసింది ఏమంత పెద్ద పని కాదు. బడి వదిలాక ఒక గది, వారానికి ఒక గంట. ఒక దీపం, ఒక చాప. పక్క ఊళ్లవాళ్లూ రావచ్చు. సొంత ఊళ్లో సిగ్గనిపించినవాడు పక్క ఊరికి పోవచ్చు. అటు వెళ్లేవాణ్ణి చూసి అరుగు మీద గుసగుసలు మానాలి. మానినవాడికి పెళ్లిలో "ఒక్క గుక్కే కదా బావా" అని గ్లాసు అందించే మేనమరుదులు ఆ చేయి వెనక్కి తీసుకోవాలి. ఆ గుక్కతో పోయేది అతని ఒక్కరోజు కాదు, ఇంటిల్లిపాది అన్నం.

తాగడానికి చోటు ఎవరినీ అడగనక్కర్లేదు. చెరువుగట్టు ఉంది, తోట ఉంది, దుకాణం వెనక సందు ఉంది. మానదలచినవాడు కూర్చోవడానికి మాత్రం ఊళ్లో చోటు లేదు. సర్పంచులు, బడి పంతుళ్లు, మహిళా సంఘాలవారు ఈ నెలలోనే ఒకచోట కూర్చొని ఆ గది ఏదో, దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చాలి.